సైకిల్ సామాను ఆన్‌లైన్‌లో సరే, బిగింపు కూలి మాటేమిటి?

సంపాదకులు గారికి,

నమస్కారం. సైకిల్ విడిభాగాలు ఆన్‌లైన్‌లో తక్కువకే దొరుకుతుండగా నెల్లూరు షాపుల్లో ఎక్కువ పెట్టి కొనడం తెలివితక్కువ పని అనీ, ఇన్నాళ్లూ షాపులవాళ్లు మనల్ని దోచుకున్నారనీ ఒక పాఠకుడు రాసిన లేఖను కొద్దిరోజుల క్రితం మీ జిల్లా పేజీలో చదివాను. ఆయన కోపంలో కొంత న్యాయం ఉంది కానీ, ఆయన వేసిన లెక్కలో ఒక పద్దు తప్పిపోయింది. నేను స్టోన్‌హౌస్‌పేటలో ఒక బియ్యం మిల్లులో లెక్కలు రాసే గుమాస్తాను. ఇరవై ఆరేళ్లుగా మూలాపేట నుంచి మిల్లుకు సైకిల్ మీదే వెళ్లి వస్తున్నాను. పద్దు తప్పిందని కనిపించాక ఊరుకోవడం మా వృత్తిలో అలవాటు లేదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా నా సంగతే చెప్పుకోవాలి. కిందటేడు మా అమ్మాయి కాలేజీకి తొక్కే సైకిల్ వెనక టైరు అరిగి లోపలి దారాలు బయటపడ్డాయి. సంతపేటలో నేను ఎప్పుడూ వెళ్లే షాపులో అడిగితే 410 రూపాయలన్నారు. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే 26 అంగుళాల టైరు 340కే కనిపించింది. 70 రూపాయలు మిగిలాయనుకుని తెప్పించాను. నాలుగో రోజుకు పార్సిల్ వచ్చింది. ఆదివారం పొద్దున వరండాలో కూర్చుని రెండు చెంచాలు పెట్టి రిమ్ముకు ఎక్కించబోతే, సగం దాకా కూడా రాకుండానే టైరు బిగుసుకుపోయింది. ఒక చెంచా వంగింది, చేతి కణుపులు దోక్కుపోయాయి, బాగున్న ట్యూబుకు చెంచా అంచు గీసుకుని బెజ్జం పడింది. మధ్యాహ్నానికి చక్రాన్నీ టైరునూ చెరో చేత పట్టుకుని, 410 అన్న షాపుకే తలవంచుకుని వెళ్లాను.

షాపు భాయ్ నవ్వలేదు. పాత టైరు పక్కభాగాన్ని నూనె గుడ్డతో తుడిచి, కొత్తదాన్ని దాని పక్కన పెట్టి, "అన్నా, పైన పెద్దగా రాసుండే 26 చూడబాక, కింద సన్నగా ఉండాదే, అది చూడు" అన్నాడు. పాతదాని మీద 37-590 అని ఉంది, కొత్తదాని మీద 50-559 అని ఉంది. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోటి అడ్డుకొలత, రెండూ మిల్లీమీటర్లలోనే. అంటే ఒకే 26 అంగుళాల పేరుతో అమ్మే రెండు టైర్లకు మధ్య 31 మిల్లీమీటర్ల తేడా ఉందన్నమాట. ఆడపిల్లల సైకిళ్లకు ఎక్కువగా వచ్చే సన్న టైరు ఒకటి, లావు టైర్ల గేరు సైకిళ్లకు వచ్చేది మరొకటి. ఇంకో విడ్డూరం కూడా ఆరోజే తెలిసింది. నేను తొక్కే పాతకాలపు సైకిల్ టైరు 28 అంగుళాలది, దాని అసలు కొలత 635. ఇప్పటి సన్న చక్రాల సైకిళ్లలో 28 అని రాసి ఉన్నా కొలత 622గా ఉండేవి ఉన్నాయి. మళ్లీ 29 అని అమ్మే కొండదారి సైకిళ్ల టైరు కొలతా 622 మిల్లీమీటర్లే. పేర్లు వేరైనవి ఒకే రిమ్ముకు కూర్చుంటాయి, పేరు ఒకటైనవి కూర్చోవు. మన జిల్లాలో పుట్టి ధాన్యం అంటే 850 కిలోలు, వేరే ప్రాంతానికి పోతే పుట్టి అనే మాట అదే అయినా తూకం మారిపోతుంది. ధాన్యం దగ్గర ఆ జాగ్రత్త మరిచిపోని నేను టైరు దగ్గర మరిచిపోయాను.

అమ్మిన కంపెనీని నేను తప్పుపట్టను. వివరాల పేజీలో అడుగున ఆ 50-559 కొలత రాసే ఉంది, నేనే చూసుకోలేదు. బిగించడానికి ప్రయత్నించిన గీతలు పడ్డాయి కనుక వాపసు తీసుకోబోమన్నారు, అదీ వాళ్ల షరతుల్లో ఉన్నదే. టైరు ఇప్పటికీ మా వరండాలో మేకుకు వేలాడుతోంది. 70 రూపాయల ఆదా కోసం 340 టైరు, ఒక ట్యూబు, సైకిల్ మూలపడిన ఎనిమిది రోజులూ అమ్మాయికి షేరాటో చార్జీ రోజుకు 40 చొప్పున 320 పోగొట్టుకున్నాను. ఆ తర్వాత 410 పెట్టి కొన్న టైరును లెక్కలోకి తీసుకోవడం లేదు, అది ఎలాగూ అవసరమైనదే. అదే రాసిన దానికి భిన్నమైన సరుకు పంపితేనో, నాసిరకం అంటగడితేనో మనం ఊరుకోనక్కర్లేదు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిన 48 గంటల్లో వాళ్లు దాన్ని అందుకున్నట్టు తెలపాలి, నెల లోపల పరిష్కరించాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా మనం ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకునే వీలు కూడా చట్టంలో ఉంది.

ఇక తప్పిపోయిన పద్దు దగ్గరికి వస్తాను. నా టైరు బిగిస్తుండగా భాయ్‌ని అడిగాను, 410లో నీకు ఎంత మిగులుతుందని. నలభై అన్నాడు. ఆ నలభైలోనే చక్రం విప్పడం, పాత టైరు ఊడదీయడం, ట్యూబును నీళ్లలో ముంచి చూడడం, రిమ్ము లోపల పొడుచుకొచ్చిన స్పోకు మొనను ఆకురాయితో అరగదీయడం, టైరు ఎక్కించి గాలి కొట్టడం, మళ్లీ చక్రం పెట్టి చైను బిగువు సరిచూసి యాక్సిల్ నట్లు బిగించడం అన్నీ ఇమిడి ఉన్నాయి. ఆ పని జరిగిన ఇరవై ఐదు నిమిషాలూ పక్కనే స్టూలు మీద కూర్చుని చూశాను. నేనే కాదు, మా నాన్న కూడా ఏనాడూ టైరు కొన్నచోట బిగింపుకు విడిగా పైసా ఇచ్చి ఎరుగడు. బిగింపు ఊరికే అనుకున్నాం. ఊరికే ఏమీ కాదు, ఆ కూలి టైరు ధరలో దాగి ఉండేది.

మా మిల్లులో ఈ పద్ధతి ఉండదు. లారీ ఎగుమతి బిల్లులో బియ్యం ధర వేరు, గోనె సంచి ఖరీదు వేరు, హమాలీ కూలి వేరు, బాడుగ వేరు. బియ్యం ధర పడిపోయిందని హమాలీ కూలి తగ్గదు, బస్తా ఎవరిదైనా మోసినవాడికి మోత కూలి ముడుతుంది. సైకిల్ షాపుల్లో తరతరాలుగా ఆ రెండు గడులూ కలిసిపోయి ఉన్నాయి. షాపువాడు సరుకు మీద పదో పరకో వేసుకుని చేతిపనిని దాదాపు ఉచితంగా చేసిపెట్టేవాడు, మనమూ అదే ధర్మం అనుకున్నాం. ఇప్పుడు సరుకు అమ్మకం ఫోన్‌లోకి పోయింది, దాంతోపాటు ఆ పదీ పరకా కూడా పోయింది. చేతిపని మాత్రం షాపు ముందు నేల మీదే మిగిలింది. టైరు ఆన్‌లైన్‌లో తెచ్చుకుని, "కాస్త బిగించి పెట్టు భాయ్, ఇరవై తీసుకో" అంటాం. అరవై అడిగితే దోపిడీ అంటాం. అరవై దోపిడీ కాదనీ, ఇన్నాళ్లూ ధరలో కలిసిపోయిన కూలి ఇప్పుడు విడిగా కనబడుతోందనీ ఒప్పుకోవడానికే మన మనసు రావడం లేదు. మీ పాఠకుడి లేఖలో రెండు ధరలను పక్కపక్కన పెట్టి పోల్చారు. ఒకటి పార్సిల్‌లో వచ్చే వస్తువు ధర, రెండోది చక్రంలో తిరుగుతున్న వస్తువు ధర. ఆ రెండూ ఒకే సరుకు కావు.

చేతిపని అంటే ఏమిటో చూడనివారి కోసం ఒక్క సంగతి చెబుతాను. పాతరకం సైకిల్‌కు ముందు చక్రంలో 32 స్పోకులు, వెనక చక్రంలో 40 ఉంటాయి. గుంతలో పడి రిమ్ము వంకర తిరిగితే దాన్ని సుత్తితో కొట్టి సరిచేయరు. భాయ్ సైకిల్‌ను తలకిందులు చేసి, చక్రం తిప్పి, రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో సుద్దముక్క కదలకుండా పట్టుకుంటాడు. ఎక్కడ రిమ్ము పక్కకు ఒరిగిందో అక్కడే సుద్ద గీత పడుతుంది. ఆ గీత ఉన్న వైపు స్పోకులను అర చుట్టు వదులు చేసి, ఎదురు వైపువి అర చుట్టు బిగిస్తాడు. మళ్లీ తిప్పుతాడు, మళ్లీ సుద్ద పెడతాడు. గీత పొడవు తగ్గుతూ తగ్గుతూ చివరికి చక్రం చుట్టూ సన్నగా ఒకే తీరున తాకే దాకా ఇదే పని. మధ్యమధ్య రెండేసి స్పోకులను వేళ్లతో నొక్కి చూస్తాడు, బిగువు చెవికీ వేలికీ ఒకేసారి తెలుస్తుందట. స్పోకులు ఏ పార్సిల్‌లోనైనా వస్తాయి.

తెలియక చేతులు కాల్చుకోవడానికి టైరు ఒక్కటే దారి కాదు. మా వీధిలో ఒక కుర్రవాడు మంచి పెడళ్లు తెప్పించుకుని, ఎడమ పెడలుకు మర ఎదురు తిరుగుతుందని తెలియక కుడివైపు తిప్పి తిప్పి, పెడలును పట్టి ఉంచే క్రాంకు కమ్మీ మరనే కొరికేశాడు. ఇంకొకాయన ఏడు గేర్ల పళ్ల చక్రాల జత కొన్నారు. ఆయన సైకిల్ వెనక హబ్బుకు, అంటే చక్రం నడిమి భాగానికి, మర మీద బిగించే ఫ్రీవీలు కావాలి, వచ్చిందేమో గాడుల్లోకి జారి కూర్చునే రకం. ఫోటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

నేను షాపుల తరఫున వకాల్తా పుచ్చుకుని రాస్తున్నానని అనుకోవద్దు. వాళ్ల మీద నాకున్న ఫిర్యాదులూ తక్కువేమీ కావు. బిల్లు అడిగితే మొహం చిట్లిస్తారు. పేరున్న కంపెనీ డబ్బాలో ఊరూ పేరూ లేని చైను పెట్టి ఇచ్చిన షాపు ఈ ఊళ్లోనే ఉంది, మూడు నెలలకే అది సాగి పళ్ల మీద ఎగరడం మొదలుపెట్టింది. కొత్త చైను కొన్నప్పుడు స్కేలు పెట్టి ఒక పిన్ను నుంచి 24 పిన్నుల అవతలి దాకా కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. ఆ కొలత 12 అంగుళాలా 1/16 అయ్యేసరికి చైను మార్చుకోవాలి, 1/8 దాకా సాగనిస్తే పళ్ల చక్రాలు కూడా పోతాయి. ఆ చైనును నేను కొలిచేసరికి 1/8 దాటిపోయింది. గేరు సైకిల్ తీసుకెళ్తే చాలా షాపుల్లో "రేపు రా" అంటారు, ఆ రేపు నెల్లాళ్లయినా రాదు. డిస్కు బ్రేకుల ప్యాడ్లు ఉన్నాయా అని అడిగితే మద్రాసు పొమ్మంటారు. అలాంటివాటిని ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం తప్పు ఎలా అవుతుంది? డిస్కు ప్యాడ్లూ, గేరును ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగరూ ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటాయి. అవన్నీ తెచ్చి పెట్టుకోవడం చిన్న షాపుకు అయ్యే పని కాదు. లైటు, తాళం, హెల్మెట్, నీళ్ల సీసా పట్టీ వంటివి కూడా ఎవరికి ఎక్కడ చౌకైతే అక్కడ కొనుక్కోవచ్చు, వాటికి చేతిపనితో పెద్దగా నిమిత్తం లేదు.

టైరు, ట్యూబు, చైను, ఫ్రీవీలు, స్పోకులు, హబ్బు, యాక్సిల్, హబ్బులో తిరిగే గుండ్లు, వాటిని పట్టి ఉంచే కోన్లు మాత్రం బిగించేవాడి దగ్గరే కొనాలన్నది నా అభిప్రాయం. కొలత తప్పితే బాధ్యత అతనిదవుతుంది, వెంటనే మార్చి ఇస్తాడు. పైగా మనకు కావలసినంతే ఇస్తాడు. వెనక హబ్బుకు పావు అంగుళం గుండ్లు పక్కకు తొమ్మిది చొప్పున పద్దెనిమిది చాలు, ముందు హబ్బుకు 3/16 అంగుళం గుండ్లు పక్కకు పది చొప్పున ఇరవై. షాపులో అవి లెక్కపెట్టి చేతిలో పోస్తారు. ఫోన్‌లో కొంటే ప్యాకెట్టంతా కొనాలి.

2021 నవంబరు వరదలు నెల్లూరువాళ్లెవరూ మరిచిపోరు. పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారీ తెగింది. నేను ఆర్డరు పెట్టిన బ్రేకు తీగెలు దారిలో ఎక్కడో ఆగిపోయి పద్దెనిమిది రోజులకు వచ్చాయి. ఆ రోజుల్లోనే నీళ్లలో నానిన సైకిళ్లు భాయ్ షాపు ముందు వరసగా నిలబడి ఉండేవి. హబ్బుల్లోకి బురద నీరు దిగి గుండ్లు తుప్పు పట్టాయి. ఒక్కొక్కటీ విప్పి, కిరసనాయిలుతో కడిగి, గుండ్లు మార్చి, గ్రీజు పెట్టి ఓవరాయిలింగ్ చేసి ఇచ్చాడు. నిజానికి ఆ వారం తన షాపులోకీ మోకాలు లోతు నీళ్లు వచ్చాయని నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది.

నేను తొక్కేది మా నాన్న 1978లో కొన్న అట్లాస్. ఆ కంపెనీ చివరి ఫ్యాక్టరీ సాహిబాబాద్‌లో 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు మూతపడింది. కంపెనీ పోయాక కూడా నా సైకిల్ తిరుగుతోందంటే, పాతరకం సైకిళ్ల కొలతలన్నీ కంపెనీల మధ్య ఒకటే కావడం, లుధియానా నుంచి ఆ సామాను ఇంకా మన షాపులకు వస్తుండడం, దాన్ని బిగించడం తెలిసినవాళ్లు మిగిలి ఉండడం కారణాలు. మూడో కారణమే నన్ను కలవరపెడుతోంది. ఒకప్పుడు సంతపేట నుంచి మూలాపేట దాకా అద్దె సైకిళ్ల షాపులు ఎన్నో ఉండేవి, వేసవి సెలవుల్లో గంటకు ఇంతని ఇచ్చి తొక్కడం నేర్చుకున్నది అక్కడే. రిపేరు పని నేర్చిన కుర్రాళ్లు కూడా అక్కడివాళ్లే. ఆ షాపులు పోయాయి. ఇప్పుడు భాయ్ దగ్గర పని నేర్చుకోవడానికి ఎవరూ లేరు, ఆయన కొడుకు సెల్‌ఫోన్ షాపులో చేరాడు. కోవూరు, ఇందుకూరుపేట, విడవలూరు పల్లెల్లో పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. కొన్నేళ్ల కిందట 'బడికొస్తా' పథకంలో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. వాటిలో పంచరుకూ తెగిన చైనుకూ మూలపడినవి నేను చూశాను. పార్సిల్ వ్యాను ఆ పల్లెలకూ పోతుంది, పంచరు వేసే మనిషి మాత్రం ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉంటాడు.

అందువల్ల కొన్ని మాటలు ఇరుపక్షాలకూ, ఒకటి ప్రభుత్వానికీ చెప్పదలిచాను. షాపులవాళ్లు కూలిని సరుకు ధరలోంచి విడదీయాలి. పంచరుకు ఇంత, టైరు బిగింపుకు ఇంత, ఓవరాయిలింగుకు ఇంత అని గోడ మీద బోర్డు పెట్టి, తమ దగ్గర కొన్నవారికి బిగింపులో కొంత తగ్గిస్తామని దాని మీదే రాయాలి. ఎవరు ఎక్కడ కొన్నా వాళ్ల కష్టానికి కూలి ముడుతుంది. ధర పోల్చుకోవడానికి మనకూ తేలికవుతుంది. జీఎస్టీ నమోదు అక్కర్లేని చిన్న షాపు కూడా ఒక చీటీ మీద వస్తువు పేరు, కొలత, తేదీ రాసి సంతకం పెట్టి ఇస్తే చాలు, నమ్మకం కుదురుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీదా వాటి విడిభాగాల మీదా జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు కొత్త సరుకు ధరలో కనిపించేలా చూసుకోవడం కూడా వాళ్ల బాధ్యతే. దొరకని గేరు సామానును కొనేవాడి చేత వెతికించే బదులు, కొలత చూసి తామే ఆన్‌లైన్‌లో తెప్పించి, ఆ శ్రమకు ఓ యాభై తీసుకుంటే తప్పేమిటో నాకు అర్థం కాదు. ఏ టైరు ఏ రిమ్ముకో వాళ్లకు తెలిసినట్టు మనకు తెలియదు కదా. మనం చేయవలసింది, ఆన్‌లైన్‌లో తెచ్చిన వస్తువు బిగించమని అడిగినప్పుడు చెప్పిన కూలి బేరమాడకుండా ఇవ్వడం. షాపుకు వెళ్లి కొలత చెప్పించుకుని, వస్తువు ఫోటో తీసుకుని, ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో కొనడం మాత్రం మానుకోవాలి. ఈ పని నేనూ ఒకసారి చేశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఇక ప్రభుత్వం సంగతి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మంగలి, రజక, దర్జీ, చేపల వలలు అల్లేవారితో సహా 18 చేతివృత్తులను చేర్చారు. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి రుణం ఇస్తున్నారు. తాళాలు చేసేవారు ఉన్నారు, బొమ్మలు చేసేవారు ఉన్నారు, సైకిల్ మేస్త్రి లేడు. చేతితో, చేతి పనిముట్లతో, సొంత చోటులో చేసే పని కాదా అది? మన ఎంపీలు దీన్ని ఢిల్లీలో అడగాలి. గేరు సైకిళ్ల పని, డిస్కు బ్రేకుల పని ఒక పది రోజుల పాటు నేర్పే ఏర్పాటు జిల్లాలో చేస్తే, "రేపు రా" అనే మాట కొంతైనా తగ్గుతుంది.

బోర్డు మాట భాయ్‌తో చెబితే మొదట వినలేదు, రాసి పెడితే గిరాకీ పారిపోతుందన్నాడు. నాలుగు ఆదివారాలు పోరాక ఒప్పుకున్నాడు. రాతపని నాకే అప్పగించాడు. పంచరుకు, టైరు బిగింపుకు, ఫ్రీవీలు మార్చడానికి, ఓవరాయిలింగుకు అంకెలు చెప్పాడు, నేను రేకు మీద రంగుతో రాశాను. రిమ్ము బెండు తీయడానికి ఎంత రాయను అని అడిగితే చాలాసేపు ఆలోచించి, "అది రాయబాకన్నా, చక్రం చూసి చెప్తా" అన్నాడు. ఆ ఒక్క గడి ఇంకా ఖాళీగానే ఉంది.

భవదీయుడు,
ఒక మిల్లు గుమాస్తా,
మూలాపేట, నెల్లూరు.